పశువుల చిట్టా ఎవరి సొత్తు?

రైతు తన కొట్టములో ఎన్ని పశువులున్నవో, అందులో ఎన్ని పాడికి వచ్చినవో, ఎన్ని చూడితో నున్నవో, ఏది యెప్పుడు అమ్మకమునకు పోవునో పరాయివారికి చాటుకొను వాడుక మన దేశములో లేదు. సంతలో చూడుడు. దళారి కొనువాని చేతిని కండువా క్రిందికి తీసికొని వ్రేళ్ళు పట్టి ధర తెలుపును. చుట్టును నూఱుగురు నిలిచి చూచుచున్నను ఆ ధర ఆ యిద్దఱికే తెలియును. ఇది చూచి నవ్వెడు పట్టణవాసులు కలరు. అమ్మువాని యవసరము బయటపడిన క్షణముననే వాని బేరము చెడునని తరతరములుగా నెఱిగినవారి యనుభవము ఆ కండువా క్రింద నున్నదని వారు గ్రహింపరు. ఇప్పుడు ఆ కండువాను ప్రభుత్వము తొలగించినది. పశురోగములను మాన్పుటకై తొలగించినది కావున అందులకు మేము తప్పుపట్టము. తీసిన కండువాను తిరిగి కప్పుట తన విధియని అది మఱచినది. అదియే మా ఫిర్యాదు.

2019 సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన మథురలో కేంద్రప్రభుత్వము పశురోగ నిర్మూలన కార్యక్రమము నొకదానిని ఆరంభించెను. గాలికుంటు వ్యాధిని, గర్భస్రావము కలిగించు బ్రుసెల్లోసిస్ వ్యాధిని దేశమునుండి తొలగించుట దాని యుద్దేశము. అయిదేండ్లకు కేటాయించిన మొత్తము 13,343 కోట్ల రూపాయలు. టీకా వేసిన పశువు చెవికి 12 అంకెల సంఖ్యగల పసుపుపచ్చని బిళ్ళను తగిలించిరి. జనులు దానిని పశు ఆధార్ అని పిలుచుచున్నారు. ఆ సంఖ్యవెంట యజమాని పేరు, గ్రామము, సెల్‌ఫోను సంఖ్య, పశువు జాతి, వయస్సు, దానికి వేసిన టీకాలు, చేసిన చికిత్స, కట్టించిన కాలము, ఈనిన కాలము, పాల దిగుబడి మొదలగు వివరములు కేంద్రపు కంప్యూటరులో చేరుచున్నవి. భారత్ పశుధన్ అను పేర నడచుచున్న యీ చిట్టా ప్రపంచమున నున్న పెద్ద పశుచిట్టాలలో నొకటి. 2019 నాటి గణనలో మన దేశపు పశుసంపద 53 కోట్లకు పైబడినది; గొఱ్ఱెల సంఖ్యలో తెలంగాణము మొదటిదిగను, ఆంధ్రప్రదేశము రెండవదిగను తేలినవి. కావున ఈ చిట్టా సంగతి మన యిండ్ల సంగతియే.

ఈ లెక్క వలదని వాదించువారితో మేము చేరము. పశువు ఎక్కడ పుట్టినదో, ఎక్కడికి పోయినదో తెలియనిదే అంటురోగమునకు అడ్డుకట్ట వేయుట సాధ్యము కాదు. 2022లో ముద్దచర్మవ్యాధి గుజరాతు, రాజస్థానములలో ఆవులను వేలకొలది నేలగూల్చినప్పుడు, సకాలమున తెలిసిన వార్తకు ఎంత విలువ గలదో దేశము చూచినది. 2009 నాటి పశుసంక్రామక రోగ నివారణ చట్టము రోగము సోకినదని యనుమానము కలిగినను యజమాని తెలియజేయవలెనని శాసించినది. ఇది న్యాయమే. అయితే వార్త చెప్పుట రైతుకు విధి యైనచో, చెప్పిన వార్తను కాపాడుట ప్రభుత్వమునకు విధి కాదా? చెప్పినందువలన హాని కలుగునని రైతు ఒకమారు గ్రహించెనా, రెండవమారు నోరు విప్పడు. వాడు దాచిన రోగము వాని కొట్టముతో ఆగదు. ఊరంతయు, తాలూకాయంతయు వ్యాపించును. కనుక రైతు రహస్యమును కాపాడుట పశువైద్యములో నొక భాగమని మా యభిప్రాయము.

పశువులను లెక్కించుటకు వచ్చిన సర్కారువానిని చూచి జంకుట ఆంధ్రరైతునకు నేర్పవలసిన విద్య కాదు. పల్నాటిసీమలో అడవిలో మేసెడు పశువులకు తలకింతయని పుల్లరి కట్టించిన దినములు చరిత్రలో కలవు. నాడు పశువుల లెక్క యనగా పన్ను లెక్క. ఆ పన్ను కట్టమని రైతులు నిలిచిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వీరుడు కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకిగుండ్లకు నేలకొరిగెను. నేటి లెక్క నాటి లెక్క కాదనియు, నేటి ప్రభుత్వము ప్రజలు ఎన్నుకొన్నదనియు మేమెఱుగుదుము. అయినను ఆ భేదము చట్టములో అక్షరములుగా కనబడవలెను. మంత్రి మంచివాడగుట, అధికారి మర్యాదస్థుడగుట రక్షణము కానేరదు. మంత్రులు మారుదురు, అధికారులు బదిలీయగుదురు, చిట్టా నిలిచియుండును.

ఈ చిట్టా తెలిసినవానికి ఏమి లాభము? ఒక గ్రామములో ఏ గేదెలు ఎప్పుడు వట్టిపోవునో, ఎవరికి చేతిలో పాడి తగ్గి కాసులకు కటకట పుట్టునో ముందుగా తెలిసికొన్న వ్యాపారి సంతకు పోనక్కరలేదు. ఇంటికే వచ్చి తన ధరకు కొనును. దాణా అమ్మువాడు, మందు అమ్మువాడు, అప్పిచ్చువాడు, భీమా చేయువాడు ఒక్కొక్కడు తనకు వలసినది ఇందులో వెదకికొనును. ఒకమారు రోగము సోకిన మంద యని గుర్తుపడిన మందకు ఆ పేరు ఎన్నటికిని పోదు; స్వస్థత పొందిన పిమ్మటకూడ ధర తగ్గును. మేలుజాతి యావుల పాలలెక్కలును, వాని వంశవృక్షములును కూడినచో అది గొప్ప వ్యాపారధనము. మన ఒంగోలుజాతి బ్రెజిలుకు పోయి నెల్లూరు పేరుతో ఆ దేశపు మాంసవ్యాపారమునకు మూలస్తంభమైనది. పశువు విలువ దాని కండలోనే కాక దాని లెక్కలోను కలదని అర్థమగుటకు ఇంతకంటె నిదర్శన మేల?

దీనికంటె భయంకరమైన సంగతి యింకొకటి కలదు. పశువులను ఒకచోటినుండి యొకచోటికి తరలించు రైతులను, వర్తకులను దారికాచి కొట్టి చంపిన ఘోరములు ఈ దేశములో జరిగినవి. అట్టి మూకదాడులను నిరోధించుటకు తీసికొనవలసిన చర్యలను సుప్రీముకోర్టు 2018 జూలై 17వ తేదీన ప్రభుత్వములకు విధించినది. ఎవని బండి ఏ సంతనుండి ఏ రాత్రి ఏ దారిని పోవునో తెలుపు కాగితము అట్టి మూకల చేతిలో పడినచో ఏమగును? అప్పుడు పోవునది బేరము మాత్రమే కాదు, ప్రాణము.

ఇంతటి వస్తువును కాపాడుటకు చట్టమేమున్నది? 2008 నాటి గణాంక సేకరణ చట్టమును తీసికొందము. ఆ చట్టము క్రింద ఒకడు చెప్పిన వివరములను గణాంకములకు తప్ప వేఱొక పనికి వాడరాదనియు, చెప్పినవానిని గుర్తింప వీలుగా ప్రకటింపరాదనియు దాని తొమ్మిదవ సెక్షను శాసించుచున్నది. చక్కని నియమము. కాని చెవిబిళ్ళ వెంట చేరిన వివరములు టీకాకై, వైద్యమునకై, సహాయధనమునకై చేరినవి. వానిని పేరుపెట్టి కాపాడు కేంద్రచట్టమేదియు లేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టమున 8(1)(డి) అను నిబంధన వ్యాపార రహస్యములను బయటపెట్టనక్కర లేదని చెప్పుచున్నది; పదునొకండవ సెక్షను ఆ వివరము నిచ్చినవానికి తాఖీదు పంపి వాని మాట వినవలెనని చెప్పుచున్నది. ఇవియు మంచివే. అయితే ఎవడైన అర్జీపెట్టి అడిగినప్పుడు మాత్రమే అవి మేలుకొనును. ప్రభుత్వము తానే ఒక శాఖనుండి మఱొక శాఖకు, శాఖనుండి కంపెనీకి వివరములను అప్పగించునప్పుడు అవి నిద్రించుచుండును.

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది కదా యని కొందఱు మమ్ము ఊరడింపజూతురు. ఆ చట్టమును చదివినవారు ఊరడిల్లరు. అది వ్యక్తులకు వర్తించునేగాని సంఘములకు వర్తింపదు. గొఱ్ఱెలకాపరుల సహకారసంఘము లెక్కలకు అందులో చోటులేదు. సహాయధనము నిచ్చుటకై ప్రభుత్వము వివరములను వాడుకొనునప్పుడు యజమాని సమ్మతి ప్రత్యేకముగా అక్కరలేదని దాని యేడవ సెక్షను. తాను పేర్కొన్న ప్రభుత్వసంస్థలను చట్టమునుండియే తప్పించుటకు కేంద్రమునకు అధికార మిచ్చినది పదునేడవ సెక్షను. నేరము ఋజువైనచో 250 కోట్లవఱకు జుల్మానా విధింపవచ్చును; ఆ జుల్మానా చేరునది భారత సంఘటితనిధికి. నష్టపడినవానికి పరిహార మిప్పించుచుండిన పాత నిబంధనను, సమాచార సాంకేతిక చట్టములోని 43ఎ సెక్షనును, ఈ చట్టమే కొట్టివేయుచున్నది. పశువు పోయినది రైతుకు, సొమ్ము చేరునది ఖజానాకు! ఇట్టి రక్షణమును రక్షణమని పిలుచుటకు భాషలో వేఱుమాట దొరకలేదు కాబోలు.

ఇంతటితో ముగిసినదా? ఆ చట్టమునందలి 44(3) సెక్షను సమాచారహక్కు చట్టమును సవరించినది. పూర్వము వ్యక్తిగత వివరమైనను విశాల ప్రజాప్రయోజన మున్నచో ఇయ్యవలసియుండెను. పార్లమెంటుకు నిరాకరింపరాని దానిని పౌరునికిని నిరాకరింపరాదని స్పష్టముగ వ్రాసియుండెను. ఆ రెండు వాక్యములును తుడిచివేయబడినవి. 2025 నవంబరులో నియమములు ప్రకటించునప్పుడు ప్రభుత్వము చూపిన వరుస గమనింపుడు. పౌరుని ప్రశ్నకు అడ్డువచ్చు 44(3) తత్‌క్షణము అమలులోనికి వచ్చినది. పౌరుని వివరమును కాపాడవలసిన ముఖ్యభాగములు 18 నెలల తరువాతకు వాయిదా పడినవి. తనకు గొడుగు ముందు, ప్రజలకు పిమ్మట! ఏలినవారి మనస్సు ఎటు మొగ్గినదో ఈ వరుసయే చెప్పుచున్నది.

ప్రభుత్వమే ప్రజల వివరముల నమ్మునా యని సందేహించు సాధువులకు మోటారుబండ్ల చిట్టా కథను జ్ఞాపకము చేయుదుము. బండి కొన్నవాడు, లైసెన్సు పొందినవాడు చట్టమునకు లోబడి యిచ్చిన వివరములను కేంద్ర రవాణాశాఖ 2019లో చేసిన విధానము ననుసరించి ప్రైవేటు కంపెనీలకు వెలకు ఇచ్చినది. దానివలన 65 కోట్ల రూపాయలు వచ్చినవని ఆ యేడే పార్లమెంటులో చెప్పబడినది. ప్రజలు గోలపెట్టగా 2020లో ఆ విధానమును ఉపసంహరించుకొనిరి. అమ్మిన వివరము మరల కొట్టములోనికి వచ్చునా? తాడు తెంచుకొన్న దూడను పట్టవచ్చును. నోరు దాటిన మాటను పట్టలేము. మోటారుబండికి జరిగినది ఎద్దుబండికి జరుగదని పూచీపడువాడు ఎవడు?

అయితే రహస్యమను మాటను ఇంతగా పట్టుకొనుటలో ఒక యపాయము కలదని మేమెఱుగుదుము. దానిని దాచిపెట్టి వాదించుట మా ధర్మము కాదు. రైతు కొట్టమునకు వేయవలసిన తలుపును తీసికొనిపోయి కచ్చేరీకి వేసికొనువారు సిద్ధముగా నున్నారు. తెలంగాణములో 2017లో గొఱ్ఱెల పంపిణీ పథకము ఆరంభమైనది. ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు ఒక యూనిటు. ధరలో నూటికి 75 వంతులు ప్రభుత్వము భరించినది. 2024లో వెలువడిన కాగ్ నివేదిక ఏమి చెప్పినది? గొఱ్ఱెలను తరలించినట్లు చూపిన బండ్లలో మోటారుసైకిళ్ళు కలవు, ఆటోలు కలవు, అంబులెన్సులు కూడ కలవు! ఒకే చెవిబిళ్ళ సంఖ్య మఱియొకసారి మఱియొక గొఱ్ఱెకు వ్రాయబడినది. ఆ యేడే అవినీతి నిరోధకశాఖ కొందఱు అధికారులను నిర్బంధించినది. ఈ మోసము బయటపడినది దేనివలన? బండి సంఖ్యవలన, బిళ్ళ సంఖ్యవలన, లబ్ధిదారుల పట్టికవలన. ఇవన్నియు వ్యక్తిగతములు, రహస్యములు అని రేపు సర్కారు సమాధానమిచ్చినచో, గ్రామములోని సామాన్యుడు దొంగను పట్టుటెట్లు? ప్రభుత్వధనముతో కొన్న గొఱ్ఱె విషయమున కండువాకు తావులేదు. అక్కడ బేరము ప్రజల సొమ్ముతో జరిగినది, ప్రజలు చూడవలెను.

రోగము విషయమునను అంతియే. 2025 ఫిబ్రవరిలో తణుకు ప్రాంతమున కోళ్ళకు బర్డ్‌ఫ్లూ సోకినప్పుడు ఏ యూర సోకినదో, దాని చుట్టు ఎంతదూరము కట్టుబాటు కలదో ప్రకటించుట ప్రభుత్వమునకు విధి. కోళ్ళఫారము యజమాని వ్యాపారము దెబ్బతినునని ఆ వార్త నణచినచో అది ప్రజాద్రోహమే యగును. ఏటిలోనికి మలినము వదలు పెద్ద ఫారము, లెక్కలేక మందులు మేపు పెద్ద కంపెనీ, తమ దుష్కార్యములకు వ్యాపార రహస్యమను ముసుగు వేసికొనుటకు మేము సమ్మతింపము. బ్యాంకుల తనిఖీ వివరములను దాచుటకు రిజర్వుబ్యాంకు చెప్పిన సాకులను సుప్రీముకోర్టు 2015లో త్రోసివేసినది. ఆ న్యాయము పాలకేంద్రములకును, కోళ్ళ కంపెనీలకును వర్తింపవలదా?

ఈ చిక్కు మనకే వచ్చినది కాదు. అమెరికాలో 2003 డిసెంబరున ఒక యావుకు పిచ్చియావు రోగము బయటపడగా, మరుసటి యేడు దేశమంతట పశువులకు గుర్తుసంఖ్యల నిచ్చు ఏర్పాటును ఆరంభించిరి. మా లెక్కలు ఎవరి చేతిలో పడునో తెలియదని రైతులు నమ్మక ఎదురుతిరిగిరి; 2010లో ఆ ఏర్పాటును విడువవలసి వచ్చినది. 2008 నాటి వారి వ్యవసాయచట్టములో 1619వ సెక్షను రైతు తన వ్యవసాయమును గుఱించి శాఖకు చెప్పిన వివరములను బయటపెట్టరాదని శాసించినది. రోగము వచ్చినప్పుడు అవసరమైనవారికి తెలుపుటకును, పేర్లు లేని మొత్తములను ప్రకటించుటకును, ప్రభుత్వ మిచ్చిన సొమ్ము వివరములను వెల్లడించుటకును దారి విడిచినది. అయినను ఆ చట్టము ఒక శాఖ చేతులను మాత్రమే కట్టినది. 2013లో వారి పర్యావరణశాఖ వేలకొలది పశుశాలల యజమానుల పేర్లను, ఇంటి చిరునామాలను, ఫోను సంఖ్యలను అడిగిన సంఘములకు ఇచ్చివేసి, పిమ్మట తిరిగి యిమ్మని ఆ సంఘములనే వేడుకొనెను. 2016లో అప్పీలు న్యాయస్థానము ఆ పని తప్పని తీర్పుచెప్పెను. ఒక శాఖకు తాళమువేసి మఱొక శాఖకు వేయకున్న ఏమగునో మనము వారి ఖర్చుతో నేర్చికొనవచ్చును.

మేము కోరునది స్పష్టము. మొదటిది: పశుయజమానుని వివరములను పేరుపెట్టి కాపాడు చట్టమొకటి కావలెను; అది ఒక శాఖకు కాక అన్ని శాఖలకును, వారి గుత్తేదారులకును వర్తింపవలెను. రెండవది: వైద్యమునకై చెప్పిన మాటను పన్నునకుగాని, అప్పు వసూలునకుగాని, అమ్మకమునకుగాని వాడరాదు. మూడవది: మందల కదలికల వివరములు పశువైద్యునికి తప్ప, న్యాయస్థానపు ఆజ్ఞ లేనిదే, మఱి యెవ్వరికిని చూపరాదు. నాలుగవది: తన పేర ఏమి వ్రాయబడినదో, దానిని ఎవరు చూచిరో రైతు అడిగి తెలిసికొను హక్కు తెలుగులోనే, తన యూరి పశువుల ఆసుపత్రిలోనే ఉండవలెను. అయిదవది: వివరము పొక్కి నష్టము కలిగినచో పరిహారము రైతు చేతికి రావలెను. ఆఱవది: మొత్తము లెక్కలు, రోగపు వార్తలు, సహాయధనపు పట్టికలు, మలినపు లెక్కలు బహిరంగముగ నుండవలెను, సమాచారహక్కు చట్టములో తుడిచిన వాక్యములను మరల వ్రాయవలెను.

నాలుగు గేదెలుగల పేదవానికి రహస్యమేమిటని ఒక పెద్దమనిషి యడుగును. నలుబది మిల్లుల వానికి ఒక రహస్యము పోయినను ముప్పదితొమ్మిది మిగులును. నాలుగు గేదెలవానికి పోయినది ఇక రాదు. వివరములు జాతిసంపదయని, అందఱి మేలునకు వాడవలెనని ఇంకొక పండితుడనును. 2018–19 ఆర్థిక సర్వేలో ఇట్టి ప్రసంగమే యున్నది. సంపద యైనచో కూడబెట్టినవానికి అందులో పాలేది? సమాచారహక్కు చట్టములో 8(2) నిబంధన యింకను మిగిలియున్నది గదా, ప్రజాప్రయోజన మున్నచో ఇయ్యవచ్చును గదా యని ప్రభుత్వపక్షమువారందురు. ఇయ్యవచ్చును అనుమాటకు ఇయ్యకపోవచ్చును అనునది నీడవలె వెన్నంటియుండును. హక్కు ఒకరి యిష్టమునకు దిగినచో దానిని హక్కు అనరు, దయ అందురు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కు అని 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగ పలికిరి. ఆ హక్కు ఢిల్లీ న్యాయవాదుల వాదములకే పరిమితమై గొల్లపల్లెకు రాకున్న అది సగము హక్కు. పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు పశువుల సంతలలో ఓట్లడుగుచున్నారు. ఆ సంతలలోనే వారిని ఈ ప్రశ్న అడుగవలెను. పఠనాలయములలో ఈ చట్టములను చదివినవారు చదువనివారికి విప్పి చెప్పవలెను. పాలసంఘములు, కాపరుల సంఘములు తీర్మానములు చేసి పంపవలెను. పశువు చెవికి బిళ్ళ వేయుటకు మేము ఒప్పుకొంటిమి. ఆ బిళ్ళ తాడైనచో దాని రెండవకొన సర్కారు చేతిలోనో, సాహుకారు చేతిలోనో ఉండుటకు ఒప్పుకొనలేదు. ఈ మాటను చట్టములో వ్రాయించువఱకు రైతుజనము విశ్రమింపరాదు.